రోమ్‌లో కూర్చుంటే బిల్లు: అమ్మానాన్నలతో మూడు రోజులు

పోయిన ఎపిసోడ్ అయ్యాక చాలామంది ఒకటే అడిగారు. "అమ్మానాన్నలని యూరప్ తీసుకొస్తున్నాం, రోమ్‌లో ఎక్కడ తినాలి, ఏం చూడాలి" అని. నేను మొన్న మార్చి చివర్లో మా వాళ్లని తీసుకెళ్లాను. శుక్రవారం సాయంత్రం దిగాం, సోమవారం పొద్దున బయల్దేరాం. కొలోసియం చూశాం, పాంథియాన్ చూశాం, అన్నీ అయ్యాయి. కానీ ఈరోజు నేను ముందు చెప్పాల్సింది అది కాదు. మొదటి రాత్రి ఒక బిల్లు కట్టాం. ఆ బిల్లు చూసినప్పటి నుంచి మా నాన్నకి ఆకలి వేయడం ఆగిపోయింది. అది చెప్తాను, అందులోనే రోమ్ అంతా వచ్చేస్తుంది.

మా నాన్న గురించి రెండు ముక్కలు. హన్మకొండలో 26 ఏళ్లు టిఫిన్ సెంటర్ నడిపాడు. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బోండా. పొద్దున నాలుగింటికి లేచి మధ్యాహ్నం దాకా నిలబడే పని. మోకాళ్లు పోయినయ్ ఆ నిలబడటంతోనే. నేను మాస్టర్స్‌కని జర్మనీ వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాక, ఇద్దరికీ వీసా తీసి పిలిపించాను. వస్తూ వస్తూ నాన్న చొక్కా లోపలి జేబులో ఒక కవర్ పెట్టుకొచ్చాడు. అందులో 300 యూరోలు. "ఎందుకు నాన్నా, నేనున్నాను కదా" అంటే, "ఉండనియ్యి బిడ్డా, ఎందుకైనా మంచిది" అన్నాడు. ఈ కవర్ గుర్తుపెట్టుకోండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్‌కి నేరుగా వచ్చే ట్రైన్ ఒకటుంది, మనిషికి 14 యూరోలు, అరగంట. హోటల్‌లో బ్యాగులు పడేసి, ఆకలి మీద బయటికి వచ్చాం. ఒక ఫేమస్ స్పాట్‌కి పక్క వీధిలో ఒక రెస్టారెంట్. పేరు చెప్పను. బయట ఒకాయన నిలబడి "ఇండియా? నమస్తే నమస్తే!" అని పిలిచాడు. అమ్మ మురిసిపోయింది. నేను కూడా, ఒప్పుకుంటున్నా. కూర్చున్నాం.

మెనూలో చేప ఉంది. పక్కన 7 యూరోలు అని ఉంది. నేను అనుకున్నా, పర్లేదే, చవకే అని. వెయిటర్ ఒక చేపని ప్లేట్‌లో పెట్టి తెచ్చి చూపించాడు, ఇదేనా అని. నాన్న "మంచి చేప" అన్నాడు. సరే అన్నాం. రెండు పాస్తాలు కూడా చెప్పాం. బ్రెడ్ బుట్ట వచ్చింది, మేం అడగలేదు. నీళ్ల సీసా వచ్చింది. తిన్నాం, బాగానే ఉంది.

బిల్లు 141 యూరోలు.

ఎలా అంటారా? ఆ 7 పక్కన చిన్న అక్షరాల్లో "ఎత్తో" అని ఉంది. ఎత్తో అంటే ఇటలీలో 100 గ్రాములు. చేప కిలో 200 గ్రాములు తూగింది. అంటే పన్నెండు ఎత్తోలు, 84 యూరోలు. పాస్తాలు 14 చొప్పున 28. బ్రెడ్ మనిషికి 3, మొత్తం 9. నీళ్లకి 5. దాని మీద పన్నెండు శాతం సర్వీస్. లెక్క తప్పేం లేదు, అన్నీ మెనూలో రాసే ఉన్నాయి. చదవనిది నేను.

ఇక్కడ ఒక్క విషయం తెలుసుకోండి. ఇటలీలో చాలాచోట్ల టేబుల్ దగ్గర కూర్చున్నందుకే "కొపెర్తో" అని మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు. రోమ్ ఉన్న లాజియో ప్రాంతంలో మాత్రం 2006 నుంచి ఆ కొపెర్తో వేయకూడదని చట్టం ఉంది. అందుకని ఇక్కడ అది బ్రెడ్ పేరుతో వస్తుంది, బిల్లులో "పానే" అని ఉంటుంది. బ్రెడ్ వద్దు అనుకుంటే బుట్ట రాగానే "నో గ్రాట్సియే" అని తిప్పి పంపేయొచ్చు. ముట్టుకున్నారంటే మాత్రం మీదే.

నేను కార్డ్ పెట్టేశాను, బిల్లు మడిచి జేబులో వేసుకున్నా. నాన్న అడిగాడు, "ఎంతైంది?" నేను "ఎక్కువేం కాలేదు" అన్నా. ఆయన ఇంకేం అనలేదు. కానీ 26 ఏళ్లు గల్లా పెట్టె ముందు కూర్చున్న మనిషి అండి. మెషీన్ మీద అంకె ఎప్పుడో చూసేశాడు. ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుని అమ్మతో అంటున్నాడు. "పద్నాలుగు వేలే. ప్లేటు ఇడ్లీ నలభై అనుకుంటే మూడొందల యాభై ప్లేట్లు. ఒక్క పూట తిండికి." అమ్మ ఏదో సర్దిచెప్పింది. నేను దుప్పటి కప్పుకుని వింటూ పడుకున్నా.

తెల్లారి శనివారం. "నాన్నా, టిఫిన్ చేద్దాం పద." "ఆకలైతలేదు బిడ్డా, రాత్రి తిన్నదే అరగలే." అమ్మ కూడా, "నాకూ అంతే". మీ ఇంట్లో వాళ్లు కూడా ఇంతే కదా? మన తరం వాళ్లం ఖర్చయితే స్టోరీ పెడతాం, వాళ్లు ఆకలి మానేస్తారు.

నేను మొదట చేసింది తెలివితక్కువ పని. అబద్ధం చెప్పడం. "కాఫీ హోటల్ రేటులోనే ఉంది నాన్నా" అన్నా. బార్‌లోకి అడుగు పెట్టగానే గోడ మీద రేట్ల బోర్డు. నాన్న ఇటాలియన్ చదవలేడు, కానీ అంకెలు చదవడానికి భాష ఎందుకు? దొరికిపోయా. కానీ ఆ బోర్డే నన్ను కాపాడింది కూడా.

చూడండి, ఇటలీలో బార్ అంటే మన బార్ కాదు. కాఫీ హోటల్ అన్నమాట. చాలా బార్లలో రెండు రేట్లు ఉంటాయి. "బాంకో" అంటే కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు. టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో రేటు. మేం వెళ్లిన చోట నిలబడి ఎస్ప్రెస్సో తాగితే 1.30. అదే పెద్ద టూరిస్ట్ స్పాట్ల ముందు కుర్చీలో కూర్చుంటే 4, 5 యూరోలు కూడా అడుగుతారు. అదే కాఫీ, అదే కప్పు. నాన్న బోర్డు రెండుసార్లు చూసి, "ఓ, ఏసీ హాల్ రేటు లెక్క" అన్నాడు. ఒక్క మాటలో తేల్చేశాడు.

ఇంకోటి చూశాడు. టూరిస్టులు ఎక్కువ ఉన్న బార్లలో ముందు గల్లా దగ్గర డబ్బు కట్టాలి, వాళ్లు ఒక చిన్న రసీదు ఇస్తారు, "స్కొంత్రీనో" అంటారు. అది తీసుకెళ్లి కౌంటర్ మీద పెడితే కాఫీ వేస్తారు. "ఇది టోకెన్ సిస్టమే కదా" అని నాన్న మొహం వెలిగిపోయింది. నా దగ్గర చిల్లర తీసుకుని, వేళ్లతో రెండు చూపించి, "కపుచినో" అని ఆయనే రసీదు తెచ్చాడు. అమ్మకి నురగ చూసి నచ్చింది. ఒక కొర్నెత్తో కూడా తీసుకున్నాం, క్రోసాంట్ లాంటిదే, కొంచెం తియ్యగా ఉంటుంది. ముగ్గురికీ కలిపి 9 యూరోలు దాటలేదు. ఇటాలియన్లు కపుచినో పొద్దున పూటే తాగుతారు, మధ్యాహ్నం భోజనం తర్వాత అడిగితే వింతగా చూస్తారు. ఇస్తారనుకోండి.

సమస్య తీరిందా? సగమే. నిలబడితే చవక, నిజమే. కానీ నాన్న మోకాళ్లో? ఆయన నాలుగు యూరోలు మిగులుతాయంటే గంటసేపు నిలబడే రకం. నాకేమో ఆయన కూర్చోవాలి. ఈ మూడు రోజులూ మా ఇద్దరి మధ్య నడిచిన గొడవ ఇదే, పైకి ఎవరం అనలేదు కానీ.

కొలోసియంకి వెళ్లాం. టికెట్ 18 యూరోలు, అందులోనే రోమన్ ఫోరమ్, పాలటైన్ కొండ కూడా. టికెట్ మీద పేర్లు ఉంటాయి, పాస్‌పోర్ట్‌తో కలవాలి, కాబట్టి బ్లాక్‌లో ఎవడో అమ్మాడని కొనకండి. ముందే అఫీషియల్ సైట్‌లో బుక్ చేసుకోండి, అక్కడికెళ్లి చూద్దాంలే అంటే దొరకవు. నెలలో మొదటి ఆదివారం ఫ్రీ, కానీ ఆ రోజు లైన్ చూస్తే ఫ్రీ ఎందుకురా అనిపిస్తుంది.

క్రీస్తు శకం 80లో తెరిచారు దీన్ని. యాభై వేల మంది పట్టేవాళ్లని అంచనా. కింద వరుసలో 80 కమానులు, వాటిలో 76 జనం వెళ్లే గేట్లు. వాటి పైన రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి, కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే నీ టోకెన్ మీద ఏ నంబర్ ఉందో ఆ గేట్‌లోంచే వెళ్లాలి. నాన్నకి కత్తి యుద్ధాల కథ అంతగా ఎక్కలేదు కానీ ఈ గేట్ల సంగతి బాగా పట్టుకున్నాడు. "మేడారం జాతరలో గిట్ల గేట్లకి నంబర్లు పెడితే ఎంత బాగుండు" అన్నాడు. లోపల చూడటానికి టికెట్ డబ్బులు తీసుకునేవాళ్లు కాదట అప్పట్లో. కానీ సీటు మాత్రం హోదాని బట్టి. సెనేటర్లు ముందు వరుసలో, ఆడవాళ్లూ పేదవాళ్లూ అన్నిటికన్నా పైన, దూరంగా. నేను ఇది చెప్తుంటే నాన్న, "అంటే ఈ ఊళ్లె కూసునేటందుకు అప్పటి నుంచే లెక్క ఉన్నదన్నమాట" అన్నాడు. రాత్రి బిల్లు తర్వాత ఆయన వేసిన మొదటి జోక్ అది. నేను గట్టిగా నవ్వాను, అవసరానికి మించి.

నీళ్ల గురించి చెప్పాలి. రోమ్‌లో నీళ్ల సీసా కొనకండి. వీధుల్లో ఇనుప స్తంభాల్లాంటి కుళాయిలు ఉంటాయి, నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. "నజోనీ" అంటారు, పెద్ద ముక్కులు అని అర్థం, ఆ కుళాయి వంపు అలా ఉంటుంది. 1870లలో మొదలుపెట్టారు, ఊరంతా కలిపి రెండు వేల పైనే ఉన్నాయి. మంచినీళ్లే, చల్లగా ఉంటాయి. కుళాయి పైన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, కింద వేలు అడ్డం పెడితే పైనుంచి ఫౌంటెన్‌లా చిమ్ముతుంది, వంగకుండా తాగొచ్చు. వంగలేని నాన్నకి ఇది బాగా పనికొచ్చింది. అయితే నీళ్లు అలా వృథాగా పోతుంటే అమ్మకి ప్రాణం ఆగలేదు. రెండు చోట్ల ఆపడానికి తిప్పే పిడి కోసం వెతికింది. లేదు.

మధ్యాహ్నం స్పానిష్ స్టెప్స్ దగ్గరికి వెళ్లాం. పెద్ద మెట్లు, ఎండ బాగుంది, నాన్న సహజంగా మెట్టు మీద కూర్చున్నాడు. పీప్ అని విజిల్! పోలీస్ చెయ్యి ఊపుతున్నాడు, లెమ్మని. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోవడం నిషేధం, ఫైన్ కూడా వేస్తారు. మాకు వేయలేదు, లేపి వదిలేశాడు. నాన్న లేచి ప్యాంటు దులుపుకుని, "మెట్ల మీద కూసున్నా పైసలేనా" అన్నాడు. ఈసారి నవ్వుతూ కాదు. మోకాలు పట్టుకుని మెల్లగా దిగుతున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు దొరికింది దారి. ఈ ఊళ్లో కూర్చోవడానికి ఫ్రీగా, నీడగా, చల్లగా ఉండే చోట్లు వందల్లో ఉన్నాయి. చర్చిలు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలుంటే చాలు, ఎవరూ మతం అడగరు, టికెట్ అడగరు. ప్రార్థన జరుగుతుంటే మాత్రం తిరగకండి, వెనక కూర్చోండి.

పాంథియాన్‌కి మాత్రం 2023 నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. అది కూడా చర్చే, ఏడో శతాబ్దం నుంచి. కానీ కట్టింది అంతకుముందు, రోమన్ల గుడిగా, ఇప్పుడున్నది హేడ్రియన్ చక్రవర్తి కాలంది. అంటే 1900 ఏళ్లు. గుమ్మటం 43 మీటర్ల అడ్డం, నేల నుంచి ఎత్తు కూడా సరిగ్గా అంతే. లోపల ఇనుము లేని కాంక్రీట్ గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. మధ్యలో తొమ్మిది మీటర్ల దాకా గుండ్రటి రంధ్రం, దానికి అద్దం లేదు, ఏమీ లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేల మీద నీళ్లు పోవడానికి చిన్న చిన్న చిల్లులు ఉన్నాయి, వెతికి చూడండి. బెంచీలు ఉన్నాయి. నాన్న కూర్చున్నాడు. సూర్యుడి వెలుగు పళ్లెం లాగా గోడ మీద పడి మెల్లగా జరుగుతుంటే ఇరవై నిమిషాలు అలా చూస్తూ ఉండిపోయాడు. ఐదు యూరోలు వసూలు.

అక్కడి నుంచి ఐదు నిమిషాల నడకలో శాన్ లూయిజీ దేయి ఫ్రాంచేజీ అని ఒక చర్చి. ఇది ఫ్రీ. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, టైమ్ చూసుకోండి. లోపల ఎడమ వైపు చివర్లో కరవాజ్జో వేసిన మూడు పెయింటింగ్స్, 1600 ప్రాంతంలోవి. చీకటిగా ఉంటుంది. పక్కన డబ్బాలో నాణెం వేస్తే లైట్ వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. మనం వేయక్కర్లేదు, ఓపిగ్గా నిలబడితే ఎవరో ఒకరు వేస్తారు. మా నాన్న టెక్నిక్ అది.

ఎడమ పక్కన ఉన్న బొమ్మలో ఒక బల్ల చుట్టూ కొందరు కూర్చుని డబ్బులు లెక్కపెడుతుంటారు. వాళ్లు పన్నులు వసూలు చేసేవాళ్లు. కుడివైపు నుంచి యేసు వచ్చి చెయ్యి చాపి మత్తయిని పిలుస్తాడు, ఆ వెలుగు వాళ్ల మొహాల మీద పడుతుంది. కొందరు తలెత్తి చూస్తారు. బల్ల చివర ఒక కుర్రాడు మాత్రం తల దించుకుని నాణేలే చూస్తుంటాడు. నేను గైడ్ లాగా వివరిస్తుంటే నాన్న ఆ కుర్రాణ్ణే చూపిస్తూ అన్నాడు, "గా పోరగాన్ని చూడు. దేవుడొచ్చినా లెక్క ఇడ్సిపెడ్తలేడు." అమ్మ వెంటనే, "నీ లెక్కనే ఉన్నడు" అంది. ఆ చర్చిలో ముగ్గురం నోరు మూసుకుని నవ్వుకున్నాం.

అమ్మ వంతు పియాజ్జా నవోనాలో వచ్చింది. అక్కడ బెర్నీనీ చేసిన ఫౌంటెన్, 1651లో పూర్తయింది, నాలుగు నదులు నలుగురు మనుషుల రూపంలో ఉంటాయి. నైలు, డాన్యూబ్, రియో దే లా ప్లాటా, నాలుగోది మన గంగ! చేతిలో తెడ్డు పట్టుకున్న ఆయనే గంగ. ఆయనే అన్నాను కదా, మగ మనిషే, గడ్డం కూడా ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. "గంగమ్మకి గడ్డమేంది? తెలుసుకోకుండ చేసిండు వాడు." అయినా చెప్పులు విప్పి ఒక దండం పెట్టింది.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర జనం ఎక్కువ, తొందరగా వచ్చేశాం. అమ్మ వీపు తిప్పి నాణెం వేసింది, నాన్న "ఎంతది?" అని అడిగాడు. పది సెంట్లు. సరేనన్నాడు. ఆ నాణేలన్నీ తీసి కారిటాస్ అనే సేవాసంస్థకి ఇస్తారు.

మధ్యాహ్నం తిండి దగ్గరికి వద్దాం. "పిజ్జా అల్ తాల్యో" అని బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లండి. పెద్ద పెద్ద ట్రేల్లో పిజ్జా ఉంటుంది. ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కట్ చేసి, కాటా మీద తూచి, వేడి చేసి ఇస్తారు. మేం తిన్న చోట్ల కిలో 18 నుంచి 24 యూరోల మధ్య ఉంది, రకాన్ని బట్టి. ముగ్గురికి అరకిలో పైన కొంచెం సరిపోయింది. కాటా చూడగానే నాన్న ముందుకొచ్చాడు. అంకె కనిపిస్తోంది, రేటు కనిపిస్తోంది, దాచిందేం లేదు. శనివారం అమ్మ నీసు ముట్టదు, కాబట్టి ఆలుగడ్డ వేసిన పిజ్జా ఒకటి, ఉత్త టమాటా పూసిన పిజ్జా రోసా ఒకటి. నాన్నకి ఆకలి లేదు కదా. అయినా మూడు ముక్కలు తిన్నాడు. నేను చూడనట్టు ఫోన్ చూసుకున్నా.

మాంసం విషయంలో కొంచెం జాగ్రత్తగా వినండి. రోమ్ పాస్తాలు నాలుగు: కాచో ఎ పెపే, గ్రిచా, కార్బొనారా, అమాత్రిచానా. ఇందులో మూడింటిలో గ్వాంచాలే పడుతుంది, అంటే పంది చెంప మాంసం. లేనిది కాచో ఎ పెపే ఒక్కటే. ఉత్త పెకొరీనో చీజ్, మిరియాలు, పాస్తా ఉడికించిన నీళ్లు, అంతే. మన మిరియాల పొంగలి అలవాటున్న నాలుకకి వెంటనే నచ్చుతుంది. అయితే పెకొరీనో చీజ్ తోడు పెట్టడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసే పదార్థం వాడతారు. పక్కా శాకాహారులైతే అదీ కుదరదు. మా అమ్మకి శనివారం రాత్రి ఇది చెప్పలేదు. ఈ వీడియో చూస్తే ఇప్పుడు తెలుస్తుంది. సారీ అమ్మా. సుప్లీ అని బోండాల్లాంటివి ఉంటాయి, అన్నం, టమాటా, మధ్యలో చీజ్, విరిస్తే తీగలా సాగుతుంది. వాటిలో కూడా చాలాచోట్ల మాంసం కలుపుతారు, అడిగి తీసుకోండి. "మాన్జో" అంటే బీఫ్, "మయాలే" అంటే పంది, "సెన్జా కార్నే" అంటే మాంసం లేకుండా. ఈ మూడు మాటలు చాలు.

ఆదివారం వాటికన్ మ్యూజియం అనుకున్నా. ప్లానింగ్‌లో నా తప్పు, నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసేస్తారు, ఆ చివరి ఆదివారం ఫ్రీ అని జనం విరగబడతారు. ఆ లైన్ చూసి వెనక్కి తిరిగాం. సెయింట్ పీటర్స్ బజిలికా ఎప్పుడూ ఫ్రీనే, సెక్యూరిటీ లైన్‌కి ఓపిక ఉండాలి, అంతే.

అందుకని టెస్టాచ్చో వైపు వెళ్లాం. టూరిస్టులు తక్కువ. అక్కడ ఒక కొండ ఉంది, ముప్పై మీటర్ల పైన ఎత్తు, గడ్డి మొలిచి మామూలు గుట్టలా ఉంటుంది. అది మట్టి కొండ కాదు. రోమన్ల కాలంలో స్పెయిన్ నుంచీ ఆఫ్రికా నుంచీ ఆలివ్ నూనె వచ్చిన కుండలు పగలగొట్టి పేర్చిన గుట్ట. నూనె పీల్చిన కుండ మళ్లీ పనికిరాదు, అందుకని ఇక్కడ పడేశారు. కోట్ల కుండలు! నాన్న చాలాసేపు చూశాడు. "నేను ఖాళీ నూనె డబ్బాలు ఇరవై రూపాయలకి అమ్ముకునేవాణ్ణి" అన్నాడు.

అదే పేటలో పాత కబేళా ఉంది, 1975లో మూసేశారు. అక్కడ పనిచేసేవాళ్లకి కూలిలో కొంత తోక, పేగులు, కడుపు లాంటివి ఇచ్చేవాళ్లట. మంచి మాంసం పెద్దవాళ్లకి, మిగిలింది వీళ్లకి. దాన్ని "ఐదో పావు" అంటారు. నాలుగు పావులూ పెద్దింట్లకి పోతే మిగిలిన ఐదోది. అదే ఇప్పుడు రోమ్ స్పెషల్. పక్క టేబుల్ మీద త్రిప్పా చూసి నాన్న, "అరె, బోటి!" అన్నాడు. అవును, టమాటా పులుసులో బోటి. కానీ బీఫ్ అని చెప్పాను, ఊరుకున్నాడు. "వండే తీరు మాత్రం మనదే" అని రెండుసార్లు అన్నాడు. నోరూరిందని నాకు అర్థమైంది.

అక్కడి నుంచి నది ఒడ్డున పాత యూదుల పేట, గెట్టో. రెండు వేల ఏళ్లకి పైగా యూదులు ఈ ఊళ్లో ఉన్నారు. 1555లో పోప్ నాలుగో పౌల్ వాళ్లని ఈ చిన్న ప్రాంతంలో గోడ కట్టి పెట్టించాడు, మూడొందల ఏళ్లు అలాగే. ఇక్కడి వంట కార్చోఫి అల్లా జుదియా. ఆర్టిచోక్ అనే మొగ్గని నూనెలో రెండుసార్లు వేయిస్తారు, రేకులు విచ్చుకుని చామంతి పువ్వులా అవుతుంది, కరకరలాడుతుంది. చలికాలం నుంచి వసంతం దాకా సీజన్. శుక్రవారం రాత్రి, శనివారం ఆ హోటళ్లు చాలా మూసి ఉంటాయి, ఆదివారం తెరుస్తారు. నాన్న నూనె వేడి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. మొదటిసారి సన్న సెగ, రెండోసారి పెద్ద సెగ, లేకపోతే అలా రాదట. కరెక్టే చెప్పాడు.

తింటూ నడుస్తుంటే నేల మీద చిన్న ఇత్తడి పలకలు కనిపించాయి, గుమ్మాల ముందు. ఒక్కో దాని మీద ఒక పేరు, పుట్టిన సంవత్సరం. 1943 అక్టోబర్ 16 తెల్లవారుజామున నాజీలు ఈ పేట మీద పడి పట్టుకెళ్లిన వాళ్లు. వెయ్యి మందికి పైగా ఆష్విట్జ్‌కి పంపారు. వెనక్కి వచ్చింది 16 మంది. ఒక గుమ్మం ముందు ఒకే ఇంటి పేరుతో నాలుగు పలకలు. నేను చదివి చెప్పాను. నాన్న చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వీధి దాటేదాకా ఎవరం ఏం తినలేదు.

చివరి రాత్రి. నది దాటి ట్రస్తేవెరే. అక్కడ రెస్టారెంట్లు వందల్లో ఉన్నాయి. నేను ఫోన్‌లో రేటింగ్స్ చూస్తున్నా. నాన్న ఫోన్ జేబులో పెట్టమన్నాడు. "నేను చూస్త పా." ఎలా చూశాడో చెప్తాను, నాకు ఏ యాప్ కన్నా ఇదే నచ్చింది. బయట నిలబడి పిలిచేవాడున్న హోటల్ దాటేశాడు. ఫొటోల మెనూ ఉన్నది దాటేశాడు. ఒక సందులో చిన్న హోటల్ ముందు ఆగాడు. కాగితం పరిచిన టేబుళ్లు, పిల్లలతో వచ్చిన అక్కడి కుటుంబాలు, మనల్ని పట్టించుకునే తీరిక లేని వెయిటర్. ఆయన వంటింటి వైపు చూస్తున్నాడు. "తిరిగొస్తున్న ప్లేట్లు చూడాలె బిడ్డా. ఖాళీగొస్తున్నయ్ అంటే వంట మంచిగున్నట్టు."

నలభై నిమిషాలు బయట నిలబడ్డాం. ఇంకో చోటుకి పోదాం అంటే వినలేదు. టేబుల్ దొరికింది. మెనూ తీసుకుని వేలు పెట్టి ప్రతి లైన్ చూశాడు. "ఇందులో ఆ ఎత్తో ఉన్నదా?" లేదు. రెండు కాచో ఎ పెపే, క్యాప్సికమ్ వేసిన చికెన్ ఒకటి, చికోరియా ఒకటి. చికోరియా అంటే ఆకుకూర, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనెలో వేయిస్తారు. అమ్మ ఒక ముద్ద తిని, "తోటకూర ఏపుడే, కొంచెం చేదు" అని ప్లేటంతా తన వైపు లాక్కుంది. బ్రెడ్ బుట్ట వచ్చింది. నేను వద్దనబోతే నాన్న ఆపాడు. "ఉండనియ్యి, సాస్ తుడుచుకోవాలె గదా."

బిల్లు వచ్చింది, నేను కార్డ్ తీసేలోపే నాన్న లాక్కున్నాడు. చదివాడు. పాస్తా 22, చికెన్ 14, ఆకుకూర 6, బ్రెడ్ నాలుగున్నర, నీళ్లు రెండున్నర. 49. "గిది కరెక్టు లెక్క" అన్నాడు. చొక్కా లోపలి జేబులోంచి ఆ కవర్ తీసి, 50 నోటు పెట్టి, మిగతా ఒక్క యూరో వాళ్లకే ఉంచమన్నాడు.

నేను లేవబోయాను, పొద్దున్నే ఫ్లైట్ ఉంది కదా. ఆయన కాళ్లు చాపుకుని కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలాడు.

"కూసో బిడ్డా. పైసలు కట్టినం గదా."

పదకొండింటి దాకా అక్కడే కూర్చున్నామండి. సరే మరి, ఉంటాను.